ఉన్నది ఉన్నట్టు

బ్రాడీపేట నాలుగో లైనులో
మందుల షాపు పైన రెండో అంతస్తు.
రాత్రి పదకొండుకి చెప్పులు గుమ్మంలో విడిచి
చెవుల్లోకి అమెరికాని దోపుకుంటాను.

మాటలకి అక్షరాలు తొడగడం నా పని.
నిమిషానికి ఇంత అని లెక్క.
జనం నవ్వితే నవ్వులు అని,
కొడితే చప్పట్లు అని,
ఎంత విన్నా అంతు చిక్కకపోతే
వినబడలేదు అని రాయాలి.
ఎందుకు నవ్వారన్నది మన పని కాదు.
"మనం చెవులమేనమ్మా, నోరు కాదు"
అంటారు మా సూపర్‌వైజర్ ఇమ్మానియేలు గారు,
ఫ్లాస్కులో టీ అడుగంటే వేళకి.

ఇవాళ్టిది మొక్కజొన్న పొలాల మధ్య ఎక్కడో సభ.
ఆయన గొంతు బాగుంటుంది. అదే నా బాధ.
ముసురు పట్టిన రాత్రి పెదనాన్న కథ చెప్పినట్టు
మెల్లగా మొదలెడతాడు:
మూతబడ్డ కార్ఖానా, పిల్లల్లేని బడి,
తలుపు గడియ పెట్టకుండా నిద్రపోయిన రోజులు.
నిజమే కదా పాపం, అనుకుంటాను.
నా వేళ్ళు కూడా మెత్తబడతాయి.

అప్పుడొస్తుంది ఆ మాట.
వాళ్ళు.
వాళ్ళొచ్చాక. వాళ్ళ వల్ల.
వాళ్ళనొకసారి సాగనంపితే.
మైదానం హోరెత్తిపోతుంది.
రాస్తాను: చప్పట్లు.

వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను.
అర్థం కాక కాదు, మరీ అర్థమై.
ఈ వాక్యం నాకు తెలుసు.
తెలుగులో తెలుసు.
పట్టాభిపురంలో అద్దెకి అడగబోతే
గేటు సగమే తీసి
"మీరేవిట్లమ్మా?" అంది ఒకావిడ.
చెప్పాను.
"మాకేం పట్టింపుల్లేవు గానీ,
మా అత్తగారు కిందే ఉంటారు" అంది.
ఆ గానీకి ఇంగ్లీషులో మూడే అక్షరాలు.
ఈయన రాత్రంతా దాని మీదే నడుస్తున్నాడు.

రెండయింది.
ఒక్క మాట మారిస్తే ఏం?
వాళ్ళు అన్నచోట మనం అని పెడితే?
ఎవరు పట్టుకుంటారు?
ఈ అక్షరాలు చదివేది చెవులు వినబడనివాళ్ళే కదా...
ఆ ఆలోచనే నన్ను ఆపేసింది.
తననెలా తిట్టారో
తిట్టినంతా తెలుసుకునే హక్కు
ఆ మనిషికి లేదా?
అక్షరం పొల్లు పోకుండా రాశాను.
నా జవాబులు మాత్రం పళ్ళ వెనక పోగేసుకున్నాను.
ఒక్కో వాక్యానికి ఒక్కో జవాబు,
వంద సభలకి సరిపడా.
పొద్దున్న ఏడింటికి మెట్లు దిగుతుంటే
నాకన్నా విశాలహృదయం
గుంటూరు జిల్లాలో ఇంకొకరికి లేదు.

చివరికి నాకు ఇల్లు దొరికింది మిర్చియార్డు వెనక.
ఆటో దిగి ఇడ్లీ బండి దగ్గర నిలబడ్డాను.
ఆకలి, కళ్ళమంట.
నా భుజం మీదుగా ఒక చెయ్యి ముందుకొచ్చింది, ఇరవై నోటుతో.
బస్తాలు మోసే కుర్రాడు, ఒడిశానో బీహారో.
చొక్కా నిండా ఎర్రదుమ్ము.
నాకు తుమ్మొచ్చింది, దాని వెనకే కోపం.
"వరసలో రావడం తెలీదా?
మీవాళ్ళంతా ఇంతే!"

తెలుగు వాడికి ఎంతొచ్చో.
అడుగు వెనక్కి వేశాడు.
బండివాడు నవ్వాడు.
స్కూటర్ మీద కూర్చున్న ఇద్దరు కూడా,
నా వైపే, మనలో మనం అన్నట్టు.
కుర్రాడు తల వంచుకుని ఏదో అన్నాడు.
పొట్లం చేతికొచ్చింది. డబ్బిచ్చి వచ్చేశాను.

నిద్ర పట్టలేదు.
ఫ్యాను కింద పడుకుని, అలవాటు కొద్దీ,
ఆ అర నిమిషాన్ని వెనక్కి తిప్పి రాసుకున్నాను.
ఆడగొంతు. ముప్పై దాటి ఉంటాయి. బాగా స్పష్టంగా ఉంది.
మీవాళ్ళంతా ఇంతే.
నవ్వులు.
ఆ తర్వాత ఇంకో గొంతు.
మూడుసార్లు వెనక్కి తిప్పాను.
వినబడలేదు.