ఇనుప మెట్లు

కాజీపేటకు బదిలీ మీద వచ్చిన తొలిరోజు
అలవాటు చొప్పున ఈల ఊదిన.
మైదానంల ఒక్క పిల్లగాడు తిరిగి చూడలే.
వేపకొమ్మ మీది కాకులు లేచిపోయినయి.
ఆ ఈల ఇప్పుడు సొరుగుల, సుద్దముక్కల నడుమ.

హాజరుపట్టీల వాడు ఓదెలు.
దోస్తుల చేతుల్ల వాని పేరు వేరే:
కనుబొమ్మ మీద వేలితో ఒక గీత.
హాస్టల్ మెట్ల మీద పడి పగిలిన గీత.
పగలు కబడ్డీల వాన్ని పట్టేటోడు లేడు.
కరెంటు పోతే మాత్రం గోడ కావాలె.

ఎంజీఎంల డాక్టరమ్మ చీటీ వెనుక బొమ్మ గీసింది:
చెవి లోపల నత్తగుల్ల, పక్కన మూడు వంకీలు,
వాటిల్ల ఇన్ని నీళ్లు.
మనం ఒరిగితే ఆ నీళ్లు చెప్తయట
ఏది కిందో, ఏది మీదో.
వీని నీళ్లు ఏమీ చెప్పవు.
కండ్లు చెప్తయి. అరికాళ్లు జర చెప్తయి.
"నడుము గట్టి చెయ్యుండ్రి సార్,
మిగిలింది అదే" అన్నది.

అప్పటిసంది పొద్దుగాల
పాత స్టేజీ చెక్కల మీద పద్నాలుగు మంది.
మోచేతులు ఆన్చి, కాలివేళ్లు ఆన్చి
నడుమ ఒళ్లంతా వంతెన.
బొడ్డు లోపలికి గుంజాలెనని
నా పొట్ట మీద నేనే కొట్టుకొని చూపిస్త.
నా పొట్ట చూసి నవ్వుతరు, వంతెనలు కూలుతయి.
మల్ల మొదలు.

లెక్క నోటితోటి కాదు.
చెక్క మీద అరచెయ్యి: ఒక దెబ్బ, ఇంకో దెబ్బ.
ఒకనాడు ఇరవై ఆరు కాడ
అందరి మొకాలు ఒక్కసారే వెలిగినయి.
ఓదెలు కదలకుండనే కండ్లతోటి పట్టాల దిక్కు చూపిండు.
నాకేమీ వినవడలే.
ముప్పై దాటినంక గాని
రామగుండం దిక్కు నుంచి బొగ్గుబండి కూత.
వాళ్ల మోచేతులకు అది ఎప్పుడో అందింది.

నిన్న సందెకాడ కరెంటు పోయింది.
టార్చి పట్టుకొని మెట్ల కాడికి ఉరికిన.
నడిమిట్ల ఉన్నడు వాడు,
చెయ్యి గోడకు జానెడు దూరంల.
ఆనించలే, దించలే.
పిక్కలు వణుకుతున్నయి, బొడ్డు లోపలికి గుంజి ఉన్నది.
వెలుగు మీద పడంగనే
కోపంగ సైగ చేసిండు: ఆర్పు.

ఆర్పిన.
ఆ చీకట్ల పిలిచినా లాభం లేదు.
అడుగు మెట్టు మీద కూసొని
ఇనుము మీద అరచెయ్యి ఆనించిన.

ఒకటి.

చాలాసేపు ఏమీ లేదు.

రెండు.