ఎడగారు నాటు

మా నాన్న నాకిచ్చిన ఆస్తి ఒకటే, నుదురు.
ఇరవయ్యారేళ్లకే రెండు మూలలా గట్టు తెగి
నడినెత్తి దాకా వచ్చేసింది.
బట్టతలోడికి డబ్బొస్తుందనేవాళ్లు మా కోవూరులో.
ఆయనకి రాలేదు.
నాకొచ్చింది, చీటీ నష్టానికి పాడుకుంటే.

కోడంబాక్కంలో, మేడ మీద క్లినిక్.
గోడకి వరసగా ఏడు బొమ్మలు, ఏడూ మగ తలలే,
ఎవడెంత దాకా బోడి అయ్యాడో లెక్క.
"మూడో నంబరు సార్ మీది" అంది కౌంటర్లో పిల్ల.
నా చున్నీ చూసి, కాసేపాగి,
"మూడో నంబరే" అంది, సార్ తీసేసి.

డాక్టర్ మార్కర్ పెన్నుతో నుదుటి మీద గీత గీశాడు.
తలరాత రాసేవాడు ఇంత దగ్గరగా ఊపిరి వదులుతాడని,
ఆ ఊపిరి పుదీనా వాసనేస్తుందని ఎవరూ చెప్పలేదు.
మూలలు గుండ్రంగా, కిందికి,
ఇంకొంచెం కిందికి అన్నాను.
దూదితో చెరిపి మళ్లీ గీశాడు.
చెరపొచ్చని కూడా ఎవరూ చెప్పలేదు.

బోర్లా పడుకోబెట్టి, బల్లకున్న బొక్కలో మొహం పెట్టించి
వెనక తలలో సూదులు. అప్పుడు మాత్రం ఏడ్చాను.
తర్వాత చప్పుడు తప్ప ఏమీ తెలీదు.
బొక్కలోంచి కనిపించేది నర్సు చెప్పులు,
ఎడమదాని పట్టీకి పిన్నీసు.
ఒక్కో వెంట్రుకా తీసి ఉప్పునీళ్ల గిన్నెలో పెడుతూ
ఒణ్ణు, రెండు, మూణు అని లెక్కపెడుతోంది.
రెండు దగ్గర మాత్రం
నా భాషలోకొచ్చి వెళ్తోంది.

రెండు వేల నూట నలభై.
ఒక్కోటి ముప్పయ్యయిదు రూపాయలు.
రోజంతా ఒంగి నాటేస్తే అమ్మకి నాలుగొందలు.
బోర్లా పడుకుని ఇంకేం చేస్తాం, భాగించాను:
నూట ఎనభై ఏడు రోజులు
అమ్మ నా నెత్తి మీద ఒంగి నాటెయ్యాలి.

విగ్గు పెట్టుకున్న నాలుగేళ్లూ నా ఎడమ చెయ్యి నాది కాదు.
నుంగంబాక్కం స్టేషన్లో బండి దూసుకొస్తే గాలి,
ఫ్లైఓవర్ మీద షేర్ ఆటోలో గాలి,
బీచ్ సంగతి చెప్పే పనే లేదు.
కూరల సంచి, గొడుగు, టికెట్టు, అన్నీ కుడిచేతికే.
మే నెలలో దాని కింద నెత్తి
ఉడికిన చిలగడదుంప.

పదిహేడో రోజు, స్నానాల గదిలో
నాటినవన్నీ వేళ్లకొచ్చేశాయి,
సన్నటి నల్ల ముళ్లలా, చెంబులో, సబ్బు మీద.
రాలతాయని కాగితంలో రాసే ఇచ్చారు.
చదివే సంతకం పెట్టాను.
అయినా తడి ఒంటితోనే ఫోన్ చేశాను, ఊరికి.

రెండేళ్లుగా అమ్మ నన్ను రా అనదు, మే అనదు.
తిన్నావా అంటుంది. వానలున్నాయా అంటుంది.
మాట చివర కొడవలి పెట్టి కోసేస్తుంది.
వెనక తలలోవి ముందు నాటించుకున్నాను,
రాలిపోయాయి అన్నాను.
చాలాసేపు బోరు మోటారు చప్పుడు.

"వేర్లతో తీశారా, తెంపారా?"
వేర్లతోనే.
"లోతుగా పెట్టారా?"
తెలీదు.
"పెట్టుంటార్లే. మడి మారిస్తే ఏ నారయినా ఎర్రబడద్ది.
పైది పోద్ది, అడుగుంటది.
అందులోనూ ఎడగారు నాటు,
ఆలస్యంగానే తేరుకుంటది.
ఊరికూరికే కెలికి చూడబాక మే."

ఆ చివరి మాట నన్నే అందో,
గట్టు మీద పక్కనెవరినయినా అందో,
నేను అడగలేదు.

ఇప్పుడు నాలుగో నెల.
దువ్వెనకి ఇంకా అందవు, వేలికి తగులుతున్నాయి.
నిన్న చున్నీ కట్టుకోకుండా స్టేషన్‌కెళ్లాను.
బండొచ్చింది. ఎడమ చెయ్యి అలవాటుగా లేచింది.
సగం దాకా లేచి, ఏం చెయ్యాలో తోచక,
వెళ్లిపోతున్న పెట్టెలకి
టాటా చెప్పింది.