చుక్క తర్వాత

అల్లిపురంలో నా కొట్టు మీద ఇంకా
'గవిరేశ్ ఆర్ట్స్' అనే ఉంది.
కుంచెలు ఎండిపోయి పదేళ్ళు.
ఇప్పుడు ఫ్లెక్సీలు, జిరాక్సులు, ఆధార్ లింకులు,
అడిగితే వెబ్‌సైట్లు.

మే నెల. సముద్రం మీద వేట నిషేధం.
మధ్యాహ్నం మూడింటికి నూకరత్నం వచ్చింది.
వెనక మేనకోడలు ధరణి, ఫోన్లో ఇరవై ఎనిమిది ఫొటోలు:
నెత్తళ్ళు, కవళ్ళు, సావళ్ళు,
పెదజాలారిపేట ఇసుకలో పాత వలల మీద పరిచినవి.
వాళ్ళతో పాటు వాసన కూడా వచ్చి
కుర్చీ లాక్కుని కూర్చుంది.

పేరు ముందే అనుకున్నారు: రత్నం నెత్తళ్ళు.
ఇంగ్లీషులో దానికి ఎన్ని టీలో, ఎన్ని ఎల్‌లో
తేలేసరికి తెప్పించిన టీ చల్లారింది.

"పేరయిపోనాది గదా, ఇంకేటి?"
"చుక్క పెట్టాలి పిన్నీ. చుక్క తర్వాత ఇంకో మాట."
ఆమె కిటికీలోంచి పైకి చూసింది.
వాళ్ళింట్లో చుక్కంటే మూడున్నరకి పొడిచేది,
దాన్ని చూసి తెప్ప తోసేది.
నా తెర మీద చుక్క
ఈగ వాలినంత.

డాట్ కామ్ కొట్టాను.
ఎవరిదో. కొట్టు లేదు, చేప లేదు,
తెల్లటి పేజీ మీద లక్షా నలభై వేలు అని ఉంది.
"పూర్ణా మార్కెట్లో కాళీ బుట్టెట్టి పోతారే
జాగా తమదని, అలాగా?"
అలాగే.
"పక్కకి తన్నలేవా?"
ఈ బజార్లో కుదరదు.

డాట్ షాప్, మొదటి ఏడు తొంభై తొమ్మిది.
రెండో ఏడు మూడు వేల చిల్లర.
ఆ వరస చీమ తలకాయలంత అక్షరాల్లో ఉంటే చదివి వినిపించాను.
"మొదటి నెల వడ్డీల గురయ్యా నవ్వుతాడు."

తెలుగులోనూ దొరుకుతుంది, చుక్క భారత్,
మొత్తం మన లిపిలోనే.
నా చెయ్యి దురద పెట్టింది.
నెత్తళ్ళు అని రాయాలంటే
త కింద త వత్తు, ళ కింద ళ,
ఎక్కడ కుంచె తేల్చాలో ఎక్కడ నొక్కాలో
మణికట్టు మరిచిపోలేదు.
ధరణి తల అడ్డంగా ఊపింది:
"బెంగళూరోళ్ళకి ఇది కొట్టడం రాదు మావయ్యా."
నిజమే. మణికట్టు దించుకున్నాను.

అప్పుడు నూకరత్నం అడిగింది:
"హార్బరు గేటు మీద రెండక్షరాలుంటాయి సూడు,
బళ్ళు లోపలికెళ్ళే వైపు.
ఒకటి నిలువు గీత.
రెండోది రెండు గుంజలు, మద్దిన ఏటవాలు తాడు.
అది ఉందేటి నీ లిస్టులో?"

ఇన్.

"అదే. ఇంగిలీసులో నాకు అదొక్కటే వచ్చు.
ముప్పై ఏళ్ళు దాని కిందనుంచే బుట్టట్టుకు పోనాను.
ఎవుడూ ఆపనేదు."

ఇన్ అంటే ఇండియా అని ధరణి చెప్పబోయింది.
"రానీ, ఇండియా కూడా రానీ లోపలికి."

ఆ గేటు రాసింది నేనే.
మర్రిపాలెం నుంచి సైకిలు మీద వెళ్ళి,
ఎర్ర ఎనామిల్‌తో, రోజుకి అరవై.
గుంజలు సమంగా రాలేదని కాంట్రాక్టరు పది కోసుకున్నాడు.
చెబుదామనుకున్నాను. చెప్పలేదు.

"ఏటా ఇదే తేదీకి కట్టాలి పిన్నీ,
నిషేధంలో పడుతుంది, చేతిలో ఉంటుందో లేదో."
"నిషేధంలోనే గదా బావూ ఎండుచేపకి రేటు!"

ఓటీపీ ఆమె ఫోనుకెళ్ళింది.
ఆ ఫోను ఇంట్లో, బియ్యం డబ్బా మీద, చార్జింగులో.
పక్కింటి కుర్రాడి చేత ఆరంకెలు చదివించాం.
ఒకటిని ఏడన్నాడు. రెండోసారికి కుదిరింది.

వెళ్ళబోతూ తెర మీద వేలు పెట్టింది,
సరిగ్గా చుక్క మీద.
"ఇది కూసింత లావుగా ఎట్టు.
నా కళ్ళకి ఆనట్నేదు."

అది ఎవరూ లావు చెయ్యలేరని
చెప్పడానికి నోరు రాక
చూస్తాను పిన్నీ, అన్నాను.