ఒక్కసారే అడుగుతుంది

ఎంబిటా రేవులో
ఒమేనా చేపలు ఆరేసిన వలల పక్కన కూర్చుని
నలభై ఒక్క ఫోన్లలో
గాలి కబురు చెప్పే యాప్ ఎక్కించాను.

"నోటిఫికేషన్లు పంపవచ్చా?"
ఫోను ఒక్కసారే అడుగుతుంది.
ఒకోత్ తాత తడిచేత్తో "వద్దు" నొక్కేశాడు,
డబ్బులు కోస్తారేమోనని.
సెట్టింగుల సందుల్లో దూరి
ఆ వద్దుని వెనక్కి తిప్పేసరికి
నా టీ చల్లారింది.

అప్పుడు ఏ సముద్రాల అవతలి సర్వరో
ఆ ఫోనుకి పేరు పెట్టింది.
ఊపిరి తిప్పుకోకుండా చదవలేనంత పొడుగు.
తాత నవ్వాడు:
"వానలో పుట్టానని నన్ను ఒకోత్ అన్నారు.
దీన్ని ఏ వానలో కన్నారో!"

నిన్న పొద్దుగూకే వేళ
గాలి లేస్తుందని తెలిసింది. పంపాను.
నలభై చేరాయి.
ఒకటి తిరిగొచ్చింది:
ఆ పేరుతో ఇక్కడెవరూ లేరు.

చెప్పుల్లేకుండా రేవుకి పరిగెత్తాను.
మోకాలి లోతు నీళ్లలో పడవ,
తాడు అప్పుడే విప్పాడు, దీపం వెలిగించాడు.
ఒకోత్ తాతా!
తొలికేకకే తిరిగాడు.

"మనవరాలి పెళ్లి వీడియో పట్టలేదమ్మా,
నీ గాలిని తీసేశాను."