సంచీ పెట్టిన చోటు

"అక్కడ ఏమీ లేదు" అన్నాడు క్లియోఫస్,
ఇంజను తాడు మూడోసారి లాగుతూ.
"కొట్టు లేదు, నీడ లేదు, మంచినీళ్ళు లేవు.
ఏం చూద్దామని?"

ఆ ఏమీ లేకపోవడాన్నే చూద్దామని
చెప్పడానికి సిగ్గేసి
నీళ్ళ సీసాలు లెక్కపెట్టుకున్నాను. నాలుగు.

గంటన్నర ప్రయాణం.
ఎగిరే చేపలు రెండు మూడు మాతో పందెం కాసి
మధ్యలోనే మానుకున్నాయి.
పగడపు దిబ్బ దాటాక నీళ్ళ రంగు మారింది.
నెమలికంఠం అందామనుకున్నాను, కుదరలేదు.
సిరాబుడ్డి కడిగిన మూడో నీళ్ళు,
అదీ కుదరలేదు.
క్లియోఫస్ రంగుకి పేరు వెతికే పనిలో లేడు.
అతనికి అది లోతు. "నడుము దాకా. దూకు."

దూకాను. మెడ దాకా ఉంది.
అతని నడుమూ నా మెడా
ఒక ఎత్తులో ఉంటాయని అప్పుడు తెలిసింది.

నెత్తిన సంచీతో ఒడ్డెక్కి
చెప్పులు అక్కడే విడిచాను.
ఇసుక దూరానికి తెలుపు,
వంగి చూస్తే చంటిపిల్ల అరికాలి రంగు.
దాని మీద పీతలు గీసిన గీతలు,
పెన్ను రాస్తుందో లేదో ఎవరో చూసుకున్నట్టు.
అలలు తెచ్చి పడేసిన రబ్బరు చెప్పులు, అన్నీ ఎడమవే.
వీటి కుడికాళ్ళు ఏ దేశంలో
కుంటుతున్నాయో.

గుబురుగా ఒక చెట్టు, కింద చిన్న చిన్న ఆపిళ్ళు.
నీడ లేదన్నాడే, అనుకుంటూ అటు నడిచాను.
"ఆగు!"
పొద్దున్నుంచీ అతను గొంతు పెంచింది అప్పుడే.
"మాంచినీల్ అది. పండు కొరికితే గొంతు కాలుతుంది.
వానలో కింద నిలబడితే ఒళ్ళంతా బొబ్బలు.
చెప్పానుగా, నీడ లేదని."

అతని 'లేదు'కి అర్థమేమిటో
అప్పటికైనా అందుకోవలసింది.

ఇంకాస్త పైకి, సముద్రద్రాక్ష పొదల పక్కన,
శంఖాలతో అంచు కట్టిన చదును.
ఎండకి వెలిసి సున్నం రంగైన పెద్ద శంఖాలు,
ప్రతిదాని నెత్తినా కత్తిమొన పట్టేంత చిల్లు.
ఎవరో తోట వేద్దామనుకుని మానేశారనుకున్నాను.
సంచీ దింపి, దాని మీద తలపెట్టి
పడుకున్నాను కూడా.
కాసేపు నిజంగానే ఏమీ లేదు.
అల వెనక్కి పోయేటప్పుడు
చాటలో బియ్యం చెరుగుతున్న చప్పుడు, అంతే.

కళ్ళు తెరిస్తే క్లియోఫస్,
టోపీ తీసి చేత్తో పట్టుకుని.
కోప్పడలేదు. నన్ను లేవనిచ్చి, నా సంచీని
నిద్రపోయే పిల్లని పక్కమంచం మీదకి మార్చినట్టు
అవతల పెట్టాడు.
"మిస్ ఇస్మే" అన్నాడు. "మా నాన్నమ్మ.
కాళ్ళు ఇటు, సముద్రం వైపు.
ఆ పక్కన ఆమె చెల్లెలు ఆల్తియా.
ఆ చిన్నది, పేరు పెట్టకముందే పోయింది."

అప్పుడు లెక్కపెట్టాను. పొదల్లోకంటా పదకొండు.
పెద్ద తుఫాను ముందు ఇక్కడ పందొమ్మిది ఇళ్ళట.
బతికినవాళ్ళు పెద్ద దీవికి తరలిపోయారు.
వీళ్ళని ఎవరూ పడవ ఎక్కమనలేదు.

ఏమనాలో తోచక,
ఇసుకలో నా వీపు చేసిన గుంటని
అరచేత్తో సాపు చేశాను.

అతను జేబులోంచి చిన్న సీసా తీశాడు.
అంచులోంచి ఒక శంఖాన్ని ఊడదీసి, దులిపి,
చిల్లుకి బొటనవేలు అడ్డంపెట్టి
రెండు గుక్కల రమ్ము పోశాడు.
వేలు తీశాడు.
సన్నటి ధార, ఇస్మే పాదాల దగ్గర
చుక్క మిగలకుండా ఇంకింది.

శంఖంలో పోస్తేనే తీర్థం,
పైకే అనేశాను, తెలుగులో, తెలియకుండా.
"అవును" అన్నాడు అతను,
"ఆమెకి తెల్ల రమ్మే ఇష్టం."
శంఖాన్ని దాని గుంటలోనే తిరిగి గుచ్చి
చుట్టూ ఇసుక అదిమాడు.

నాలుగింటికి ఇసుక ఈగలు లేచి
పిక్కలు పట్టుకుని మమ్మల్ని తరిమాయి.
దిగి చూస్తే నీళ్ళు పైకొచ్చాయి,
నా చెప్పుల్లో ఎడమది లేదు.
మోకాలిలోతు దాకా వెళ్ళి వెతికాను.
క్లియోఫస్ లంగరు తాడు చుట్టుకుంటూ
"వస్తుందిలే" అన్నాడు.
"ఎక్కడెక్కడో తిరిగి, ఇక్కడికే."