రోలు లేని ఇంట్లో రోహిణి కార్తె

రోహిణి కార్తెకు రోళ్ళు పగులుతాయంటారు.
పెరంబూరులో మూడో అంతస్తు, మా ఇంట్లో రోలు లేదు.
పగలడానికి ఉన్నదల్లా
రిచీ స్ట్రీట్‌లో పదకొండు వేలకు బేరమాడి తెచ్చిన
ఈ పాత గ్రాఫిక్స్ కార్డు.

నాకంటే ముందు ఎవరి దగ్గరో
రేయింబవళ్ళు కంటికి కనపడని నాణేలు తవ్విందట.
విప్పితే రేకుల సందుల్లో విబూది లాంటి దుమ్ము,
సాంబ్రాణి వాసన.
పాపం, వాళ్ళూ దానికి దండం పెట్టుకునే ఉంటారు.

అమ్మిన మునిరత్నం రెండుసార్లు చెప్పాడు:
"ముందు దాని ఒళ్ళు పట్టి చూడు సామీ,
తర్వాత పరుగెత్తించు."
నేను ముందు పరుగెత్తించాను.

క్లాక్‌కి యాభై కలిపాను. ఊరుకుంది.
వంద. ఊరుకుంది.
నూట యాభైకి తెర మీది కారు
తారు రోడ్డుకి తగలకుండా వెళ్ళిపోయింది.
సెకనుకు తొమ్మిది ఫ్రేములు ఎక్కువ.
తొమ్మిది!
వేళ్ళ మీద లెక్కపెట్టుకుని ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

నూట డెబ్బైకి ఆకాశంలో
ఆకుపచ్చ గళ్ళు, గులాబీ గళ్ళు మొలిచాయి,
ఎవరో చుక్కలు పెట్టి
ముగ్గు కలపడం మరిచి లోపలికెళ్ళినట్టు.
తర్వాత నలుపు.
ఆ నలుపులో నా మొహం,
నా భుజం వెనక, గుమ్మంలో,
రాత్రి డ్యూటీ దిగి వచ్చిన హైమవతి మొహం.
"స్టవ్ ఆర్పడం మరిచావేమో అనుకున్నా," అంది.

జ్వరాల వార్డు ఆమెది. పగలే ఆమెకు రాత్రి.
నాది సాయంత్రం షిఫ్టు. పగలే నా ఆట.
ఉన్నది ఒక్క గది.
పైన కాగే స్లాబు, మూలన కాగే పెట్టె,
మధ్యలో ఆమె తడిపి కప్పుకున్న చున్నీ
పావుగంటలో అప్పడం.

నేనేం చేతులు కట్టుకు కూర్చోలేదు.
పెట్టె పక్కరేకు ఊడదీశాను.
టేబుల్ ఫ్యాను దానికెదురుగా తిప్పాను.
ఆమె సంచిలోని దూదికి స్పిరిట్ అద్ది
సున్నప్పెచ్చులా ఎండిన పాత పేస్టు తుడిచి
కందిగింజంత కొత్తది పెట్టాను.
నూట నాలుగున్న హాట్‌స్పాట్
తొంభై రెండుకి దిగింది.
గెలిచాననుకున్నాను.
ఆ పన్నెండు డిగ్రీలూ ఎటు పోయాయని మాత్రం
అడగలేదు.

ఒక మధ్యాహ్నం నిద్ర పట్టక ఆమే లేచింది.
నుదుటికి గురిపెట్టే థర్మామీటర్ తీసి
కార్డుకి పెట్టింది: నా వల్ల కాదంది అది.
గోడకి పెట్టింది: ముప్పై తొమ్మిది.
తన దిండుకి: ముప్పై ఎనిమిదిన్నర.
"గోడకి జ్వరం," అంది, చార్టు రాసుకునే గొంతుతో.
మళ్ళీ పడుకుంది, గోడ వైపు తిరక్కుండా.

అంతే. తిట్టలేదు.
తిడితే ఇంకో రెండ్రోజులు ఆడేవాణ్ణి.

ఆ వేళ క్లాక్ జోలికి పోలేదు.
వోల్టేజీ గీతని ఒక్కో మెట్టూ కిందికి దించాను,
నిద్రపోయే పిల్ల చేతిలోంచి గిలక తీసినట్టు.
ఇక్కడ కూలుతుంది, ఇక్కడ కూలుతుంది అనుకుంటూ.
కూలలేదు.
తొమ్మిదిలో నాలుగు ఫ్రేములు పోయాయి,
ఐదు మిగిలాయి, హాట్‌స్పాట్ డెబ్బై ఆరు.
ఇంత తక్కువ తిండితో
ఎలా పరుగెడుతోందో దానికే తెలియాలి.

కార్డు రొద తగ్గేసరికి
ఇన్నాళ్ళూ దాని కింద పడున్న చప్పుళ్ళు లేచాయి.
నీళ్ళ లారీ దగ్గర బిందెల గొడవ,
కోచ్ ఫ్యాక్టరీ సైరను,
హైమ ఊపిరిలో చిన్న ఈల.
ఆమెకి ఈల ఉందని పెళ్ళయిన నాలుగేళ్ళకి విన్నాను.

టేబుల్ ఫ్యాను ఆమె వైపు తిప్పాను.
నాలుగింటికి సముద్రపు గాలి,
ఊరంతా తిరిగి తిరిగి మా దాకా వచ్చేసరికి
కాస్త చేపల వాసన, కాస్త డీజిలు,
పరదాని ఒక్కసారి ఎత్తి దించింది.

నూట యాభైని చెరపలేదు, అబద్ధమెందుకు.
మార్గళి అని పేరు పెట్టి దాచుకున్నాను.
చెన్నపట్నంలో చలేమిటని నవ్వుతారు.
డిసెంబరులో తెల్లారుజామున
డ్యూటీ దిగి వచ్చి
కాళ్ళు చల్లగా ఉన్నాయంటుంది హైమ.
అప్పుడు చూసుకుంటాం,
నేనూ, అదీ.