జత చెప్పులూ, మొదటి రాత్రి తిండీ

గురువారం పదకొండింటికి ఎల్స్‌పెత్ డ్యూవర్ వస్తుంది.
హామిల్టన్ ఊరి రికార్డుల గదిలో
నా బల్ల మీద నాలుగు నిమ్మకాయలు పెట్టి
కోటు విప్పకుండానే అడుగుతుంది:
"దొరికాడా?"

దొరకాల్సినవాడు ఆమె ముత్తాత ఫిన్లే.
ఓడ జాబితాలో డ్యూర్.
పోర్ట్‌లాండ్ రేవు పుస్తకంలో డీవర్.
పెళ్లినాడు పాస్టరు చెవికి ఎలా వినబడిందో, జూర్.
జీతాల చిట్టాలో అదీ లేదు,
సంతకం చోట ఇంటూ గుర్తు.

ఈ వారం నాకు దొరికింది మనిషి కాదు, మాట.
గేలిక్‌లో అది జోరగ్.
ఇంగ్లీషు స్పెల్లింగు దాన్ని వందల ఏళ్లు నమిలి
ఎముక మిగిల్చింది.
నా నోట్‌బుక్‌లో తెలుగులో రాసుకున్నాను,
జకు ఓత్వమిచ్చి, చివర
గొంతులోనే సగం ఆగిపోయే గకారం.
అర్థం: దిమ్మరి. పరాయివాడు.

"మా భాషలో దీన్ని ఇంటిపేరు అంటాం,
ముందు ఇంటికి, ఆ తర్వాతే మనిషికి" అన్నాను.
"ఇల్లు లేదని చెప్పే ఇంటిపేరా!" అని నవ్వింది.
మాదొక ఊరి పేరు.
ఆ ఊరు నేనెప్పుడూ చూడలేదని
ఆమెకి చెప్పలేదు.

వాళ్ల లోయలో ఒక సాధువు చేతికర్ర ఉండేదట.
కర్ర పేరూ పరాయిదే,
తరతరాలుగా దాన్ని కాచినవాడి పేరూ పరాయివాడే.
ఎవరి పశువుల్ని దొంగలు తోలుకుపోయినా
కర్ర పట్టుకుని కొండలన్నీ వెతకడం వాడి పని.
కూలి నాలుగు పెన్నీలు,
కాకుంటే ఒక జత చెప్పులు, మొదటి రాత్రికి తిండి.
రెండో రాత్రి సంగతి కాగితంలో లేదు.

తర్వాత కొండల మీదికి గొర్రెలొచ్చాయి.
మనిషి కౌలు కంటే గొర్రె ఉన్ని మేలని
దొరగారి గుమాస్తా లెక్క తేల్చాడు.
ఇంటి దూలాలు కాల్చారా, కూల్చారా?
ఎల్స్‌పెత్ ఇంట రెండు కథలున్నాయి,
చెప్పే మేనత్తని బట్టి.
గొర్రెలు వెళ్లగొట్టిన ఫిన్లే
నాలుగు నెలలు సముద్రం మీద కక్కుకుంటూ
ఇక్కడ దిగి సంపాదించిన కొలువు
గొర్రెలు కాయడం.

ఆ గొర్రెలు తాగిన వాగు
మ్యాపులో డ్యూవర్స్ క్రీక్.
నీలం సిరా, సర్వేయరు గుండ్రటి చేతిరాత.
అంతకు ముందు దాన్ని పిలిచేవాళ్లున్నారు,
ఈల్ చేపల కోసం రాళ్లు పేర్చి
నీటిని తమకు కావలసినట్టు మళ్లించుకున్నవాళ్లు.
వాళ్లని తోలేసినప్పుడు
ఏ కర్రా పట్టుకుని ఎవరూ వెతకలేదు.

ఇది నేను చెప్పిన మాట కాదు.
ఆ రాళ్లు ఏరి వాళ్ల నాన్న దొడ్డిగోడ కట్టాడు.
అందించింది ఆరేళ్ల ఎల్స్‌పెత్.
"ఒక రాయి ఇంకా తడిగా ఉండింది,
అడుగున నాచు" అంది,
నిన్నటి సంగతిలా.

తమ్ముడి సమాధికి అక్షరానికి ఇరవై డాలర్లట,
డ్యూవర్ అనే చెక్కమందట,
పోయినవాడితో ఇప్పుడు పేచీ ఎందుకని.
సంచిలోంచి ఇంకో కాగితం తీసింది.
వాగు పేరు మార్చమని అర్జీ.
పాత పేరు అన్న గడి దగ్గర పెన్ను ఆగింది.
కోరల్ అని, వాళ్ల పెద్దావిడని అడిగిందట.
"ఆ పేరు మీకివ్వాలో లేదో
మేం మాట్లాడుకోవాలి" అందట ఆవిడ.
"న్యాయమే కదా?" అని నన్నడిగింది.
తల ఊపాను. నా తల ఊపుకి ఏం విలువని.

గడి ఖాళీగా వదిలి కింద సంతకం చేసింది.
చెయ్యి వణికింది, స్పెల్లింగు తప్పలేదు.

లేస్తూ తన బూట్ల వైపు చూసుకుంది,
కుడిదాని అడుగు ఊడివచ్చింది.
"వాగు వెంట నడిపించి చూపిస్తానంటే
ఇవి పనికిరావు" అంది.
కోటు ఇవాళా విప్పలేదు.